మూడు నెలల చదువు, నాలుగేళ్ల చదువు



ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చి వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో మన ఇళ్లు ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పనక్కర్లేదు. నాన్న ఎవరికో ఫోన్ చేస్తుంటాడు. మేనమామ ఒక కాలేజీ పేరు చెబుతాడు. అమెరికాలో ఉన్న పెదనాన్న కొడుకు వాట్సాప్‌లో వీడియో పంపిస్తాడు. అందరి ప్రశ్నా ఒక్కటే: ఏ బ్రాంచి తీసుకుంటే ముందు ముందు ఢోకా ఉండదు? ఇదివరకు దీనికి సీఎస్‌ఈ అని జవాబు వచ్చేది, మాట అక్కడితో అయిపోయేది. ఇప్పుడు సీఎస్‌ఈ పక్కన ఒక బ్రాకెట్ వచ్చి కూర్చుంది. ఏఐ అండ్ ఎంఎల్ అనో, డేటా సైన్స్ అనో, సైబర్ సెక్యూరిటీ అనో అందులో రాసి ఉంటుంది. ఆ బ్రాకెట్లోని రెండు మాటల కోసం మేనేజ్‌మెంట్ కోటాలో సీటు కొనేవాళ్లున్నారు. ఆ సీటు కోసం ఊళ్లో భూమి బేరం పెట్టేవాళ్లూ ఉన్నారు.

బేరం కుదుర్చుకునే ముందు ఓ పది నిమిషాలు నాతో పాటు బేగంపేట చుట్టుపక్కల తిరిగి రండి. అమీర్‌పేట, పంజాగుట్ట, బాలానగర్, పాత విమానాశ్రయం, అన్నీ ఒకదాని వెంట ఒకటి తగులుతాయి. కొత్త టెక్నాలజీ ఒక ఊళ్లోకి ఎలా దిగుతుందో, దాంట్లోకి ఏం చదివినవాళ్లు వెళ్తారో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ముందు అమీర్‌పేట. మెట్రో దిగి మైత్రీవనం పక్కనుంచి ఆదిత్య ఎన్‌క్లేవ్ వైపు నడిస్తే గోడల మీద, స్తంభాల మీద, బాల్కనీలకు వేలాడుతూ బోర్డులే బోర్డులు. 1990ల చివర్లో ఆ బోర్డుల మీద మెయిన్‌ఫ్రేమ్స్, కోబాల్ అని ఉండేది. వైటూకే గుర్తుందా? అమెరికా బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు ఏనాడో రాయించుకున్న ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే రాసేవారు. 2000 వచ్చేసరికి ఆ రెండు సున్నాలను చూసి యంత్రం 1900 అనుకుంటే వడ్డీల లెక్కలన్నీ ఏమైపోతాయని భయం. లక్షల లైన్ల ప్రోగ్రాముల్లో ఆ తేదీలను వెతికి సరిచేయడానికి మనుషులు కావలసి వచ్చారు. ఇందులో తమాషా ఏమిటంటే, కోబాల్ 1959లో రూపుదిద్దుకున్న భాష. నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్ల కంటే అదే వయసులో పెద్దది. పాతబడిపోయిందని అందరూ అనుకున్న భాష, నల్లగొండ నుంచీ ఒంగోలు నుంచీ బస్సెక్కి వచ్చిన పిల్లలకు కొత్త దారి చూపించి విమానం ఎక్కించింది.

2000 దాటాక ఆ పని అయిపోయింది. వెంటనే డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలాయి. కోబాల్ బోర్డులు దిగాయి, జావా, ఒరాకిల్, డాట్‌నెట్ ఎక్కాయి. ఆ తర్వాత శాప్, టెస్టింగ్ టూల్స్. 2008లో మాంద్యం, 2009 జనవరిలో సత్యం కుంభకోణం, హాస్టళ్లలో దిగులు. మళ్లీ తేరుకుని హడూప్, క్లౌడ్, డెవాప్స్, డేటా సైన్స్. ఇప్పుడు జెనరేటివ్ ఏఐ. జావా ఒక్కటి గట్టిపిండం, ఇంకా నిలబడి ఉంది. మిగతా పేర్లలో చాలావాటికి పైవరసలో చోటు కొన్నేళ్లే.

అమీర్‌పేటను వెక్కిరించడం చదువుకున్నవాళ్లకు సరదా. నేను మాత్రం వెక్కిరించను. మొదటి క్లాసు డెమో, డబ్బు కట్టనక్కర్లేదు. నచ్చితే బ్యాచ్‌లో చేరతారు, లేకపోతే పక్క మెట్లెక్కి ఇంకో డెమో వింటారు. ఫ్యాకల్టీకి చెప్పడం రాకపోతే నాలుగో రోజుకు హాలు ఖాళీ అవుతుంది. అంత నిక్కచ్చి పరీక్ష మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎంతమంది లెక్చరర్లు తట్టుకోగలరు? సివిల్ చదివినవాడు, బీకాం చదివినమ్మాయి, తెలుగు మీడియంలో డిగ్రీ చేసి వచ్చినవాడు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. మంచి ఫ్యాకల్టీ రన్నింగ్ నోట్స్ కింద జిరాక్స్ షాపులో దొరుకుతుంది. ఎస్సార్ నగర్‌లోనో, బల్కంపేటలోనో హాస్టల్ గది, పొద్దున ఏడింటి బ్యాచ్, మధ్యాహ్నం ప్రాక్టీసు. లేని అనుభవానికి కాగితాలు పుట్టించి ఇచ్చే కన్సల్టెన్సీల సంగతి వేరు, వాటి జోలికి పోవద్దు. దొంగ కాగితంతో చేరిన ఉద్యోగం బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర ఎప్పుడైనా తెగిపోతుంది.

అయితే అమీర్‌పేటలో మనం గమనించని విషయం ఒకటుంది. ఒక టూలు నేర్చుకోవడానికి రెండు మూడు నెలలు, కొన్ని వేల రూపాయలు చాలునని ఆ వీధి దాదాపు ముప్ఫై ఏళ్లుగా రోజూ రుజువు చేస్తోంది. మూడు నెలల్లో వేలకు దొరికేదాని పేరు చూసి మనం నాలుగేళ్లు, లక్షలు ఎందుకు పోస్తున్నాం? నాలుగేళ్లు ఖర్చుపెట్టేది మూడు నెలల్లో పట్టుబడని చదువు మీద పెట్టాలి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క లెక్కే.

మూడు నెలల్లో పట్టుబడనివి ఏవి? మొదటిది గణితం. ఏఐ అని మనం అంటున్న యంత్రం లోపల జరిగేదేమిటో స్థూలంగా చెప్తాను. పెద్ద పెద్ద సంఖ్యల పట్టికలను ఒకదానితో ఒకటి గుణిస్తుంది. వచ్చిన జవాబు ఎంత తప్పిందో చూసుకుంటుంది. ఏ సంఖ్యను ఎటువైపు ఎంత జరిపితే ఆ తప్పు తగ్గుతుందో కనుక్కుంటుంది. చివరికి ఏ జవాబుకు ఎంత అవకాశం ఉందో అంచనా కడుతుంది. ఆ పట్టికల పేరు మాత్రికలు, అవి ఇంటర్ మొదటి ఏడాది 1ఏ పుస్తకంలో ఉన్నాయి. ఎటు జరపాలో చెప్పేవి అవకలజాలు, అవి 1బీలో ఉన్నాయి. అవకాశాల లెక్క సంభావ్యత, అది రెండో ఏడాది 2ఏలో ఉంది. తప్పును వెనక్కి పంపి దిద్దుకునే పద్ధతిని రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ అనే ముగ్గురు 1986లో ప్రచారంలోకి తెచ్చారు. దాని ఆయువుపట్టు చైన్ రూల్. మన ఎంపీసీ పిల్లలందరూ వల్లె వేసిన సూత్రమే.

వల్లె వేశారు సరే, అర్థం చేసుకున్నారా? ఎప్‌సెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 గణితం. ఒక్కో ప్రశ్నకు నిమిషం, దానిపైన ఏడున్నర సెకన్లు ఎక్కువ. ఆ వేగానికి తయారుచేసిన పిల్లవాడికి ఆప్షన్లు ఎలా కొట్టేయాలో, షార్ట్‌కట్ ఎక్కడ వేయాలో బాగా వస్తుంది. ర్యాంకూ వస్తుంది. మాత్రికను మాత్రికతో గుణిస్తే అసలు ఏం జరుగుతుంది నాయనా అని అడిగితే నేల చూపులు చూస్తాడు. బ్రాకెట్లో ఏఐ ఉన్న సీటు తెచ్చుకుని, ఆ ఏఐకి ప్రాణమైన మూడు పుస్తకాలను ర్యాంకు వచ్చిన మర్నాడే అటకెక్కించిన పిల్లలు ఎందరో. మీ ఇంట్లో ఆ పుస్తకాలు ఇంకా ఉంటే పాత పేపర్లవాడికి వేయకండి. కాలేజీ తెరిచేలోపు పరీక్ష భయం లేకుండా, గడియారం చూడకుండా ఆ మూడు అధ్యాయాలు మళ్లీ చదివించండి.

ఇక బ్రాకెట్ సంగతి. యూనివర్సిటీ వెబ్‌సైట్లో సిలబస్ దొరుకుతుంది. బ్రాకెట్ ఉన్న సీఎస్‌ఈదీ, లేనిదీ పక్కపక్కన పెట్టి చూడండి. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌లు, నెట్‌వర్క్స్ రెండింట్లోనూ ఉంటాయి. తేడా ఎక్కువగా పై సంవత్సరాల్లో కొన్ని సబ్జెక్టుల దగ్గర. పైగా సివిల్, మెకానికల్, ఈసీఈ చదివే పిల్లలు కూడా పద్దెనిమిది, ఇరవై క్రెడిట్లు అదనంగా చదివి ఏఐ లాంటి కొత్త సబ్జెక్టులో మైనర్ డిగ్రీ తీసుకునే వీలు ఏఐసీటీఈ కల్పించింది. ఏ కాలేజీ ఆ వీలు నిజంగా ఇస్తోందో కనుక్కోండి. బ్రాకెట్ కంటే అది అక్కరకొస్తుంది.

2022లో బీటెక్‌లో చేరిన పిల్లల కేలండర్ ఒకసారి చూడండి. వాళ్లు ఆప్షన్లు పెట్టుకునేనాటికి చాట్‌జీపీటీ అన్న మాట మన చెవిన పడలేదు. అది బయటికొచ్చింది ఆ ఏడాది నవంబర్ 30న. అప్పటికి వాళ్ల మొదటి సంవత్సరం ఇంకా మొదట్లోనే ఉంది. వాళ్లకు నాలుగేళ్లు నిండేది 2026లో. ఈలోపు ప్రోగ్రాము రాసిపెట్టే యంత్రాలు వచ్చాయి. కొత్తగా చేరిన ఇంజనీరుకు ఇదివరకు అప్పగించే చిన్నాచితకా కోడింగ్ పని యంత్రం చేసిపెడుతోంది. అది రాసిన ప్రోగ్రాములో తప్పెక్కడుందో పట్టుకోగలవాడికి మాత్రం గిరాకీ పోలేదు. తప్పు పట్టాలంటే యంత్రం ఏం చేయబోయిందో మనకు ముందే తెలిసుండాలి కదా.

పంజాగుట్టకు వెళ్దాం. నిమ్స్ ఆసుపత్రి. ఇందాక చెప్పిన ముగ్గురిలో హింటన్ అన్నాను గుర్తుందా, జెఫ్రీ హింటన్, ఆయనకు 2024లో ఫిజిక్స్‌లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏఐ గురించి ఆయనకంటే తెలిసినవాళ్లు లోకంలో కొద్దిమందే. ఆయన 2016లో టొరంటోలో ఒక సభలో, రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలన్నారు. ఐదేళ్లలో, మహా అయితే పదేళ్లలో స్కాన్లు చదవడంలో యంత్రం వాళ్లను మించిపోతుందన్నారు. ఆ మాట విని రేడియాలజీ పీజీ సీటు వదులుకున్న డాక్టరు ఎవరైనా ఉంటే ఇవాళ ఏమనుకుంటున్నారో మరి! నీట్ పీజీలో మంచి ర్యాంకర్లు ముందుగా ఎగరేసుకుపోయే సీట్లలో రేడియాలజీ ఇప్పటికీ ఒకటి. యంత్రం స్కాన్ చూడడం నేర్చిన మాట నిజమే. కానీ రేడియాలజిస్టు పనంటే చిత్రం చూడడం ఒక్కటే కాదు. ఏ స్కాన్ తీయాలో చెప్పాలి, పాత రిపోర్టులతో పోల్చాలి, సూది ఎక్కడ దించాలో చూడాలి, సర్జన్‌తో మాట్లాడాలి, చివరికి సంతకం పెట్టి బాధ్యత తీసుకోవాలి. యంత్రాన్ని తయారుచేసినవారికి యంత్రం సంగతి తెలుసు, ఆ పని లోపల ఎన్ని పనులున్నాయో తెలియలేదు. నోబెల్ గ్రహీతకే కుదరని జోస్యం మన బంధువుల్లో ఎవరో ఫోన్‌లో చెబితే నమ్మి కోర్సు ఎంచుకుంటున్నాం.

నిమ్స్‌లో రోబోటిక్ సర్జరీలు జరుగుతున్నాయి. రోబో చేతులను నడిపేది కన్సోల్ దగ్గర కూర్చున్న సర్జన్. చుట్టూ అనస్తీషియా, ఇమేజింగ్ టెక్నాలజిస్టులు, నర్సులు. బైపీసీ చదివి ఎంబీబీఎస్ సీటు రాలేదని ఏడాది మీద ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌లో కూర్చునే పిల్లలకు పారామెడికల్ టెక్నాలజీలో డిగ్రీలు ఉన్నాయన్న సంగతి ఇంట్లో ఎవరూ చెప్పరు. ఆసుపత్రుల్లోకి వస్తున్న ప్రతి కొత్త యంత్రం పక్కనా వాళ్లే నిలబడాలి.

బాలానగర్‌లో ఇంకా పాత ఉదాహరణ ఉంది. నేషనల్ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ 1974లో ఏర్పడింది. ఇప్పుడు ఇస్రో కింద సెంటర్ అయింది, ఎన్ఆర్ఎస్‌సీ అంటాం. ఆకాశం నుంచి తీసిన చిత్రాలు చూసి పంట ఎంత, అడవి ఎంత, భూగర్భ జలం ఎక్కడ అని చెప్పడం ఆ రోజుల్లో నేటి ఏఐ అంత కొత్త విద్య. ఆ పేరుతో చదువు చెప్పే కాలేజీలు ఎక్కడున్నాయి? మరి అందులోకి ఎవరు వెళ్లారంటే జియాలజీ చదివినవారు, వ్యవసాయం, నేలల శాస్త్రం, అటవీ శాస్త్రం, భూగోళం చదివినవారు, వాళ్లతో పాటు ఫిజిక్స్, గణితం వాళ్లు. చిత్రంలో ఎర్రగా కనిపించేది పచ్చటి పైరని చెప్పాలంటే పైరు తెలిసిన మనిషి కావాలి. ఉపగ్రహ చిత్రం చదవడం ఆ తర్వాత నేర్చుకున్నారు.

అదే బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచీ ఉంది. పదో తరగతి తర్వాత టూల్, డై, మోల్డ్ తయారీలో డిప్లొమా చెబుతారు. మనం పొద్దున్నుంచి రాత్రి దాకా వాడే ప్లాస్టిక్ మూతలకైనా, ఫోన్ కవర్లకైనా ముందు ఒక అచ్చు ఉండాలి, ఆ అచ్చు చెక్కే విద్య అది. చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో సీఎన్‌సీ మెషీన్ల మీద రాకెట్ల భాగాలు తయారవుతాయి. 2022 నవంబర్ 18న విక్రమ్-ఎస్ అనే రాకెట్ శ్రీహరికోట నుంచి లేచింది. దేశంలో ప్రైవేటు సంస్థ ప్రయోగించిన మొదటి రాకెట్ అది. దాన్ని తయారుచేసిన స్కైరూట్ మన హైదరాబాద్‌దే. అంతరిక్షం, డ్రోన్లు, ఎలక్ట్రిక్ బండ్లు, ఏ కొత్త పేరు చెప్పినా చివరికి ఎవరో ఒకరు లోహాన్ని వెంట్రుకలో పదో వంతు తేడా లేకుండా కోయాలి. మన ఇళ్లలో మాత్రం మెకానికల్ అంటే మొహం ముడుచుకుంటారు, ఆడపిల్ల అడిగితే మరీను. చదివేవాళ్లు తగ్గిపోతున్న చోట కొద్దిపాటి ప్రతిభకే గుర్తింపు దొరుకుతుందన్న లెక్క ఎవరూ వేయరు.

విమానాశ్రయం దగ్గరికి వచ్చాం. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచాక బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఆ ప్రాంగణంలో తెలంగాణ రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ ఉంది. పైలట్లతో పాటు డ్రోన్ పైలట్లకూ అది శిక్షణ ఇస్తోంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ సర్టిఫికెట్‌కు కావలసింది పద్దెనిమిదేళ్లు నిండడం, పదో తరగతి పాస్, గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ. శిక్షణ కొద్ది రోజుల్లో అయిపోతుంది. డ్రోన్ ఎగరేయడం ఎవరికైనా వస్తుంది గనుక ఎగరేసినందుకు ఇచ్చే కూలి ముందు ముందు పెరుగుతుందని నేననుకోను. గాలి ఎటు వీస్తోంది, పైరు ఏ దశలో ఉంది, ఈ మందు ఎంత నీళ్లలో కలపాలి, బిందువు ఎంత సన్నంగా పడితే ఆకు మీద నిలుస్తుంది, ఇవి తెలిసిన మనిషిని రైతు మళ్లీ పిలుస్తాడు. వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసిన పిల్ల చేతికి ఆ సర్టిఫికెట్ ఇచ్చి చూడండి, బ్రాకెట్లో డ్రోన్ అని రాసుకున్న డిగ్రీవాళ్ల కంటే ఆమె ముందుంటుంది.

పక్కనే సర్ రొనాల్డ్ రాస్ పేరుతో ఒక పాత భవనం ఉంది. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉంటుందని ఆయన కనిపెట్టింది ఇక్కడే, 1897 ఆగస్టు 20న. రాస్‌కు మనసంతా రాతల మీద, కవిత్వం మీద ఉండేది. వైద్యంలో చేర్పించింది తండ్రి. వింటున్న నాన్నలు సంబరపడకండి. దోమలను కోయడం ఏ కాలేజీలోనూ నేర్పలేదు, మైక్రోస్కోపు ముందు కూర్చుని తనంతట తాను నేర్చుకున్నాడు. కవిత్వం కూడా మానలేదు.

బేగంపేట అంటే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. ఆ బడిలో చదువుకున్నవారిలో సత్య నాదెళ్ల తర్వాత మణిపాల్‌లో ఎలక్ట్రికల్, శంతను నారాయణ్ ఉస్మానియాలో ఎలక్ట్రానిక్స్, అజయ్ బంగా ఢిల్లీలో ఎకనామిక్స్ చదివారు. ఐఐటీ ప్రవేశ పరీక్ష గట్టెక్కలేదని నాదెళ్ల తన పుస్తకంలో రాసుకున్నారు. అయితే పెద్ద పెద్ద కుర్చీలెక్కినవారిని చూసి మన పిల్లల చదువు నిర్ణయించడం నాకు ఇష్టం ఉండదు. వాళ్ల ఇళ్లు, వాళ్ల కాలం వేరు. ఒక్కటి మాత్రం చూడొచ్చు: నాదెళ్లకు పేరు తెచ్చిన క్లౌడ్ ఆయన కాలేజీ రోజుల్లో ఏ సిలబస్‌లోనూ లేదు.

తెలుగు చదివినవాళ్లకు చోటు లేదా అని అడిగే శ్రోతలు ఉంటారు. ఉంది. యంత్రానికి భారతీయ భాషలు నేర్పే పని మన హైదరాబాద్‌లో పాతదే. అక్షర్ భారతి, వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ పేర్లతో 1995లో వచ్చిన పుస్తకం పాణిని వ్యాకరణాన్ని ఆధారం చేసుకునే కంప్యూటర్‌కు భాష ఎలా విడమరచి చెప్పాలో చర్చించింది. గచ్చిబౌలి ట్రిపుల్‌ఐటీలో కంప్యూటర్ సైన్స్‌తో కలిపి కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్ చదివే కోర్సు ఉంది. వరంగల్ రైతు ఒకలా, చిత్తూరు రైతు ఒకలా అడిగిన ఒకే ప్రశ్నను యంత్రం ఒకేలా అర్థం చేసుకోవాలంటే విభక్తులు, సంధులు, యాసలు తెలిసినవాళ్లు కావాలి. వ్యాకరణం బాగా వచ్చిన పిల్లకు కొంచెం పైథాన్ నేర్పించడానికి ఎన్ని నెలలు పడుతుందో అమీర్‌పేటలో అడగండి.

ర్యాంకు రానివాళ్లకూ దారులున్నాయి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్, అక్కడ నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరం. దోస్త్ ద్వారా డిగ్రీలో గణితం, స్టాటిస్టిక్స్. స్టాటిస్టిక్స్ సీట్లు ఖాళీగా ఉండడం చూస్తే నాకు ఆశ్చర్యం, డేటా సైన్స్ అని గుండెలు బాదుకుంటున్న ఊళ్లోనే. మద్రాస్ ఐఐటీ వాళ్ల డేటా సైన్స్ బీఎస్ డిగ్రీకి జేఈఈ ర్యాంకు అక్కర్లేదు, ఇంట్లో కూర్చుని మొదలుపెట్టొచ్చు, నాలుగు వారాల పాఠాలు విని అర్హత పరీక్ష గట్టెక్కాలి. మధ్యలో ఆపినా సర్టిఫికెట్, డిప్లొమా ఇచ్చి పంపుతారు. ఎన్పీటెల్ పాఠాలు వినడానికి పైసా కట్టనక్కర్లేదు.

కాలేజీ చూడడానికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. బ్రోచర్లు ఇచ్చే ఏసీ గదిలో ఎక్కువసేపు కూర్చోకండి. సాయంత్రం కాలేజీ బస్సులు ఆగే చోట మూడో ఏడాది పిల్లలు ఇద్దరు ముగ్గురిని పలకరించండి. ప్లేస్‌మెంట్లు ఎన్ని అని అడిగితే బ్రోచర్లో ఉన్నదే చెబుతారు. గణితం ఎవరు చెప్పారు, అర్థమైందా అని అడగండి. ల్యాబ్‌లో సిస్టమ్ మనిషికొకటి దొరుకుతుందా, రికార్డు మాత్రం రాయించి వదిలేస్తారా అని అడగండి. కిందటి సెమిస్టర్లో మీ అంతట మీరు చేసింది ఏదైనా ఉంటే చూపించమ్మా అనండి. ఆ అమ్మాయి ఫోన్ తీసి, పని సరిగ్గా నడవకపోయినా సరే, ఏదో ఒకటి ఉత్సాహంగా చూపించి ఎక్కడ తప్పు వస్తోందో కూడా చెప్పిందంటే, ఆ కాలేజీని మీ ఆప్షన్లలో పైకి జరపండి. ఏ బ్రాంచి అయినా ఫర్వాలేదు.